కూర్చునే పని

గొళ్ళెం వేసి, దాని కన్నంలో ఇనప చీల దూర్చి, కోడలు తలుపుకి చెవి ఆనించి నిలబడింది. లోపల కుంపట్లలో బొగ్గులు చిటపటమంటున్నాయి.

"వేశావా?" అని లోపల్నుంచి అత్త అడిగింది.

"వేశాను."

"గట్టిగా వెయ్యవే. ఇన్నాళ్ళకి దొరికాను నీకు. వదిలావంటే మళ్ళీ బయటికొచ్చి నీ నెత్తిమీద కూర్చుంటాను."

లోపల అత్తతోపాటు పనిచేసే అప్పచెల్లెళ్ళు ఇద్దరూ పకపకా నవ్వారు. నడవలో చట్రానికి చిత్రిక పడుతున్న వడ్రంగి కూడా నవ్వాడు. అత్తని గదిలో పెట్టి గొళ్ళెం వేసే యోగం ఎంతమంది కోడళ్ళకి పడుతుందన్నది ఆయన రోజూ అనే మాటే. ఇవాళ మాత్రం అనలేదు. అని ఉంటే కోడలు ఏడ్చేసేది. తలుపు పక్కన మేకుకి, నిన్నటిదాకా లోపల కూర్చున్న తాత చేతికర్ర వేలాడుతోంది. దానివైపు చూడకూడదని పొద్దుటినుంచీ ఎంత అనుకున్నా చూపు అక్కడికే పోతోంది.

అది కుర్చీలు చేసే షెడ్డు. భోజనాల బల్ల చుట్టూ వేసుకునే తోలు కుర్చీలు. వీధివైపు యజమాని షోరూం ఉంది. అందులో మూడు గదులు. మొదటి గదిలో కొత్త మోస్తరువి, తళతళలాడేవి. రెండో గదిలో నిన్న మొన్నటి కాలం నాటివి, వాటిని వింటేజ్ అంటారు. మూడో గదిలో దీపాలు తక్కువ, మాటలు కూడా మెల్లగా మాట్లాడతారు, అక్కడివి యాంటిక్. ఏ జమీందారు తాతలనాటివో, ఏ మునిగిపోయిన ఓడలోంచి తీసినవో అని యజమాని చెబుతాడు. వెనక షెడ్డులో పనిచేసేవాళ్ళకి ఆ ఓడలూ జమీందారులూ తెలియదు. మూడు గదులకీ చట్రాలు చేసేది ఒకే వడ్రంగి. తోలు కుట్టేది ఒకే కోడలు. తేడా అంతా కూర్చోవడంలోనే ఉంది.

కొత్త కుర్చీని కుట్టగానే పంపేస్తారు. మిగతావాటిని షెడ్డులో ఉన్న ఈ కుంపట్ల గదిలోకి చేరుస్తారు. తోలుకి నూనె, మైనం, ఇంకేదో ముదురు రంగు మందు కలిపి పట్టించి, అది తడిగా ఉండగానే మనుషుల్ని కూర్చోబెడతారు. గది వేడిగా ఉండాలి. మనిషి బరువుకీ ఒంటి వేడికీ తోలు సాగి, ముడతలు పడి, ఎన్నో ఏళ్ళుగా ఎవరో కూర్చుని తిన్నట్టు తయారవుతుంది. వారం కూర్చుంటే వింటేజ్. నెల పైన కూర్చుంటే యాంటిక్. మిషన్లతో చేసి చూశారు గానీ మనిషి పిరుదుల కింద పడ్డ ముడత మిషను కింద పడలేదు. అందుకని ఒళ్ళున్న ముసలివాళ్ళని, వేరే పని చేతకానివాళ్ళని వెతికి తెచ్చారు. కుట్టు కూలిలో సగమే ఇస్తారు. కూర్చోవడానికి అంతకన్నా ఎందుకని మేస్త్రి అంటాడు. ఒక యాంటిక్ కుర్చీ ఖరీదు అత్తాకోడళ్ళ ఏడాది కూలికి సమానం.

"మా వంశంలో ఎవరూ కూర్చుని తినలేదు, నేనే మొదలు" అని అత్త బస్తీ అంతా చెప్పుకుంది మొదట్లో. అప్పట్లో గదికి గొళ్ళెం లేదు. కూర్చున్నవాళ్ళు ఊపిరాడక మాటిమాటికీ తలుపు తీసేవాళ్ళు. వేడి తోలుకి చల్లగాలి తగిలితే మందు తెల్లగా పొంగి, బూజు పట్టినట్టవుతుంది. అలా ఒక వరస కుర్చీలన్నీ పాడయ్యాక బయట గొళ్ళెం పెట్టించారు. దానికి కాపలా కోడలు. గది ముందే కూర్చుని కుట్టుకోవాలి, మేస్త్రి తియ్యమన్నప్పుడే తియ్యాలి. కుట్టు కూలి మీద తలుపు కూలి అదనం. అంతకుముందు ఆ తలుపు దగ్గర ఉన్నావిడ ఎవరో దగ్గుతున్నారని జాలిపడి తీసింది. మర్నాటినుంచి ఆవిడ షెడ్డులో కనిపించలేదు.

కూర్చునేవాళ్ళకి ఒక అలవాటుంది. కదలకూడదు కాబట్టి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. అప్పుడు ఉన్నచోటునుంచే పాదాలు నేలకేసి టపటపా కొడతారు. బయట సూది గుచ్చుతూ కూర్చున్న కోడలికి ఆ చప్పుడు గోడగడియారం చప్పుడులా అలవాటైపోయింది. ఎవరు కొడుతున్నారో కూడా చెప్పగలదు. అత్తది బరువుగా, ఆగి ఆగి. అప్పచెల్లెళ్ళది జంటగా. తాతది ఒంటికాలి చప్పుడు. ఆయనకి రెండో కాలు సరిగ్గా లేవదు, కర్ర లేకుండా నాలుగడుగులు కూడా వెయ్యలేడు.

నిన్న మధ్యాహ్నం తాత కాలు చాలాసేపు కొట్టింది. గబగబా కొట్టింది. వడ్రంగి తలెత్తి, "తాతకి ఇవాళ తిమ్మిరి బాగా ఎక్కినట్టుంది" అన్నాడు. కోడలు నవ్వి, "పెళ్ళి బాజా వాయిస్తున్నాడు" అంది. తర్వాత చప్పుడు ఆగిపోయింది. తిమ్మిరి దిగిందనుకుంది. లోపలే కూర్చున్న అత్తా, అప్పచెల్లెళ్ళూ కూడా అలాగే అనుకున్నారు. వాళ్ళకీ తల దిమ్ముగా ఉండి కళ్ళు మూతలు పడుతున్నాయి.

తలుపు తీశాక అత్తా, అప్పచెల్లెళ్ళూ గోడ పట్టుకుని బయటికొచ్చారు. తాత రాలేదు. గడ్డం గుండెమీదికి వాల్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బుద్ధిగా కూర్చునే ఉన్నాడు. మేస్త్రి లోపలికి వెళ్ళి చూసి, మొట్టమొదట అన్న మాట, "మెల్లగా లేపండి, తోలు గీసుకుంటుంది."

వ్యానులో ఎక్కించి తీసుకెళ్ళారు. ఆసుపత్రిలో ఉన్నాడు, బాగానే ఉన్నాడు, వాళ్ళ కూతురు వచ్చి తీసుకెళుతుందని మేస్త్రి ఇవాళ పొద్దున చెప్పాడు. మరి కర్ర? కర్ర లేకుండా తాత కూతురింటికి ఎలా నడిచి వెళతాడు? ఆ ప్రశ్న కోడలి నాలుకదాకా వచ్చి ఆగిపోయింది. అడిగితే ఏం జవాబు వస్తుందోనని భయం. అడగకపోతే ఏం జరుగుతుందోనన్న భయం దానికి రెట్టింపు.

తాత కూర్చున్న కుర్చీ మెరుగు పెట్టుకుని, గుడ్డ కప్పుకుని, నడవలో తలుపుకి ఇవతలే ఉంది. ఇందాక మేస్త్రి గుడ్డ తీసి చూసుకుని మురిసిపోయాడు. "ఎన్నేళ్ళుగానో చేస్తున్నాం, ఇంత చక్కటి ముడత ఎప్పుడైనా పడిందా? కదలకుండా కూర్చున్నాడు కదా" అన్నాడు. కోడలు గుడ్డ లాగి మళ్ళీ కుర్చీమీద కప్పేసింది.

సాయంత్రం కొనేవాళ్ళు వస్తున్నారు. ఒక పెద్ద ఇంటి భోజనాల గదికి వరస మొత్తం కావాలి. తాత కుర్చీ కాక ఇంకో మూడు పూర్తికావాలి. అందుకని ఇవాళ మధ్యాహ్నం తలుపు తియ్యడం లేదు. అందుకనే ఒక కుంపటికి బదులు రెండు పెట్టారు. తాత చోట్లో, గోడవార మూలన, కుంపటి పక్కన, అత్త కూర్చుంది.

"వద్దత్తా" అని కోడలు పొద్దున ఇంటి దగ్గరే చెప్పింది.

"వద్దంటే అద్దె నువ్వు కడతావా? మీ ఆయన వ్యాను తోలే పని కూడా ఈ యజమాని దగ్గరేగా. నేను రానన్నానంటే వాడి తాళాలు కూడా లాక్కుంటారు." అత్త జుట్టు ముడేసుకుంటూ అంది. "అయినా తాతది ముసలి ప్రాణం. నాది ఉక్కు."

కోడలి మొగుడు నిన్న తాతని వ్యానులో తీసుకెళ్ళిన మనిషే. రాత్రి వచ్చి అన్నం ముందు కూర్చుని, ఒక్క ముద్ద కూడా తినకుండా లేచిపోయాడు. ఏమైందంటే ఏం లేదన్నాడు. తెల్లవారకముందే దూరపు డెలివరీకి పంపించేశారు.

ఇప్పుడు కోడలు తోలుముక్క మోకాళ్ళమీద పరుచుకుని సూది గుచ్చుతోంది. గుచ్చిన చోటే మళ్ళీ గుచ్చుతోంది. దారం చిక్కుపడింది.

"అత్తా" అని పిలిచింది తలుపు వైపు తిరిగి.

"ఏమే."

"ఎలా ఉంది?"

"మహారాణిలా ఉంది. కిరీటం ఒకటే తక్కువ."

కొంతసేపు పోయాక మళ్ళీ పిలిచింది. ఈసారి జవాబు ఆలస్యంగా వచ్చింది.

"తలనొప్పిగా ఉందే. ఇంటికెళ్ళాక కాస్త నూనె రాద్దువుగానిలే."

అప్పుడు మొదలైంది చప్పుడు. అత్త పాదం. బరువుగా, ఆగి ఆగి. కోడలు సూది ఆపి వింది. తిమ్మిరేనా? రోజూ కొట్టినట్టే కొడుతోందా? తాత కూడా నిన్న రోజూ కొట్టినట్టే కొట్టాడు. తిమ్మిరికి కొట్టినా, ప్రాణం మీదికొచ్చి కొట్టినా పాదం నేలమీద ఒకేలా మోగుతుంది. ఆ సంగతి నిన్నటిదాకా ఆమెకి తోచలేదు. ఇప్పుడు తోచింది.

లేచి మేస్త్రి దగ్గరికి పరుగెత్తింది. ఆయన షెడ్డు గుమ్మంలో నిలబడి కొనేవాళ్ళ కారు కోసం వీధివైపు చూస్తున్నాడు.

"మేస్త్రిగారూ, ఒక్కసారి తలుపు తీస్తాను. మా అత్త కాళ్ళు కొడుతోంది."

"కొడితే కొట్టనీ. తిమ్మిరి."

"తాత కూడా నిన్న..."

మేస్త్రి మొహం మారిపోయింది. ఆయన చెడ్డవాడని ఎవరూ అనరు. ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందుగా కూలి ఇప్పించింది ఆయనే. కానీ ఆయన కూడా ఒకప్పుడు ఆ గదిలో కూర్చుని లేచినవాడే. మళ్ళీ అందులో కూర్చోవలసి వస్తుందేమోనన్న భయం ఆయన్ని అలా తయారుచేసింది.

"తాత సంగతి ఇవాళ ఎత్తకు" అన్నాడు గొంతు తగ్గించి. "యజమాని చెవిన పడిందా, నీ పనీ పోతుంది, నాదీ పోతుంది. ఇంకాసేపే. వాళ్ళొచ్చి చూసేముందు నేనే తియ్యమంటాను."

"తాత ఎక్కడున్నాడు?"

"చెప్పానుగా, ఆసుపత్రిలో."

"మరి కర్ర ఇక్కడే ఉంది."

మేస్త్రి కసిరాడు. "వెళ్ళు, వెళ్ళి నీ తలుపు దగ్గర కూర్చో. తీశావో, ఆ మూడు కుర్చీల ఖరీదూ మీ ఇంటిల్లిపాదీ జీవితాంతం పనిచేసి తీర్చాలి."

ఆమె వెనక్కి నడిచింది. నడవలో వడ్రంగి తల వంచుకుని, నున్నగా ఉన్న చెక్కనే మళ్ళీ మళ్ళీ చిత్రిక పడుతున్నాడు. అన్నీ విన్నాడు. "ఏం చెయ్యమంటావు బాబాయ్?" అని అడిగింది. ఆయన తల ఎత్తలేదు. "నాకు ఇద్దరు పిల్లలమ్మా" అన్నాడు. ఆమెకి ఆయనమీద కోపం రాలేదు. నిన్న తనూ అంతే కదా చేసింది. అంతకన్నా అన్యాయం, నవ్వింది కూడాను.

చప్పుడు ఇంకా వస్తోంది. కానీ పలచబడింది. ఆమె రెండు చేతులూ తలుపుమీద పెట్టింది. చెక్క వేడిగా ఉంది.

"అత్తా! పలుకు."

"ఎవరూ?"

"నేనే. నీ కోడల్ని."

"నిద్దరొస్తోందమ్మా" అంది అత్త. పెళ్ళయినప్పటినుంచీ 'ఏమే', 'ఒసేయ్' తప్ప ఎప్పుడూ 'అమ్మా' అని పిలవని అత్త. "పిల్లాడికి అన్నం పెట్టావా? నేను కాసేపు పడుకుంటాను."

ఇంట్లో పిల్లాడు లేడు. అన్నం పెట్టవలసిన పిల్లాడు అంటే అత్త కొడుకే, ఎప్పుడో, చిన్నప్పుడు. కోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి. "అత్తా, నిద్రపోకు. వినబడుతోందా? నన్ను తిట్టు. ఏదో ఒకటి తిట్టు" అని తలుపు బాదింది. లోపల్నుంచి తిట్టు రాలేదు. పాదం ఒకసారి మోగింది. తర్వాత మోగలేదు.

తిమ్మిరి దిగి ఉండవచ్చు. నిజంగానే దిగి ఉండవచ్చు. తలుపు తీస్తే అత్త కళ్ళు నులుముకుంటూ, "నీ తొందర తగలెయ్యా, బంగారంలాంటి తోలు పాడుచేశావు కదే" అని తిట్టవచ్చు. అప్పుడు పని పోతుంది, మొగుడి వ్యాను పోతుంది, అద్దె గది ఖాళీ చెయ్యమంటారు, జీవితాంతం తీర్చాలి. ఇవన్నీ ఆమెకి ఒకేసారి గుర్తొచ్చాయి. ఆ భయంతోనే చీల పట్టుకుని లాగింది. ధైర్యం వచ్చి లాగలేదు. ఆ నిశ్శబ్దాన్ని ఇంకొక్క క్షణం వినలేక లాగింది.

లోపలి వేడి మొహానికి కొట్టింది. మందు వాసన, బొగ్గు వాసన. అప్పచెల్లెళ్ళు ఒకరిమీద ఒకరు వాలిపోయి ఉన్నారు. పెద్దావిడ కళ్ళు తెరిచి చూసింది గానీ లేవలేకపోయింది. మూలన అత్త గడ్డం గుండెమీద ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బుద్ధిగా కూర్చుంది.

కోడలు కేక పెట్టింది. ఏం కేకో ఆమెకే తెలియదు. అత్త చంకల కింద చేతులు వేసి లాగింది. ఆ బరువు చూసే మేస్త్రి అత్తని పనిలోకి తీసుకున్నాడు. ఇప్పుడు ఆ బరువు తన ఒక్కదానివల్ల కదలడంలేదు. చిత్రిక చప్పుడు ఆగిపోయింది. వడ్రంగి గుమ్మం దగ్గర ఒక్క క్షణం తటపటాయించి, ముక్కుకి కండువా చుట్టుకుని లోపలికొచ్చాడు. ఇద్దరూ కలిసి అత్తని వెనకవైపు పెరట్లోకి ఈడ్చారు. ఆయన మళ్ళీ వెళ్ళి అప్పచెల్లెళ్ళని తెచ్చాడు. వాళ్ళు మోకాళ్ళమీద పాక్కుంటూ వచ్చి గోడకి ఆనుకుని వాంతులు చేసుకున్నారు.

అత్త వాంతి చేసుకోలేదు. ముక్కు దగ్గర వేలు పెడితే సన్నగా ఊపిరి తగిలింది. తగిలిందా, తన వేలు ఒణికిందా? కోడలు మళ్ళీ పెట్టి చూసింది. తగిలింది. నీళ్ళు చల్లింది, చెంపలమీద కొట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో అత్తమీద చెయ్యెత్తడం అదే మొదలు. "లే అత్తా. లేచి నన్ను నాలుగు తన్ను" అంటూ ఏడ్చింది.

మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. పెరట్లో పడి ఉన్నవాళ్ళని చూశాడు. బార్లా తెరిచి ఉన్న తలుపు చూశాడు.

"బయటికొచ్చారుగా? ఊపిరి ఉందిగా?" అన్నాడు రొప్పుతూ. "ఇక తలుపు వేసెయ్యి. కుర్చీలైనా దక్కనీ. ఇంకా వేడిగానే ఉన్నాయి. కారు మలుపు తిరిగింది. నువ్వు వెళ్ళి ఆ మూల కుర్చీలో కూర్చో. కాసేపే. నీ పని పోకుండా నేను చూసుకుంటాను."

"ఏమిటి?"

"కూర్చోమంటున్నాను. గొళ్ళెం నేను వేస్తాను."

కోడలు ఆయన మొహంలోకి చూసింది. ఆయన పెదవులు అదురుతున్నాయి. తనకన్నా ఆయనే ఎక్కువ భయపడుతున్నాడని ఆమెకి అప్పుడే అర్థమైంది. అంత భయంతోనే ఆయన నిన్న తాతని మెల్లగా లేపించాడు. ఇవాళ తనని కూర్చోబెడతాడు, రేపు ఇంకొకరిని.

"కూర్చోను" అంది.

ఆ మాట చాలా చిన్నగా వచ్చింది. మేస్త్రికి వినబడిందో లేదోనని మళ్ళీ అంది. "కూర్చోను. తలుపు వెయ్యనివ్వను."

వడ్రంగిని అత్త దగ్గర ఉండమని చెప్పి నడవలోకి వెళ్ళింది. మేస్త్రి ఆమెకన్నా ముందు తలుపు దగ్గరికి చేరి రెక్క లాగాడు. ఆమె తాత కుర్చీమీది గుడ్డ పీకి పారేసి, కుర్చీని ఈడ్చుకొచ్చి, తలుపుకీ గుమ్మానికీ మధ్య తోసింది. రెక్క వచ్చి కుర్చీ వీపుకి గుద్దుకుంది. మెరుగు పెట్టిన చెక్కమీద గీత పడింది. మేస్త్రి తనకే దెబ్బ తగిలినట్టు "అయ్యో" అన్నాడు. చల్లగాలి ఆమె పక్కనుంచి లోపలికి పోయింది. లోపల మూడు కుర్చీలమీదా మందు మెల్లగా తెల్లబడసాగింది.

ఆమె మేకుకున్న కర్ర తీసి తాత కుర్చీలో అడ్డంగా పెట్టింది. చీల ఇంకా పిడికిట్లోనే ఉంది. అది అరచేతిలోకి దిగబడుతున్నా వదల్లేదు.

షోరూం వైపునుంచి యజమాని గొంతు వినబడింది. "ఇటు రండి. మా పాత సరుకంతా ఈ వెనకే. మామూలుగా ఎవరికీ చూపించం." మేస్త్రి గోడకి అంటుకుపోయాడు. చెప్పుల చప్పుడు దగ్గరకొచ్చింది. ముందు యజమాని, ఆయన వెనక పట్టుచీర కట్టుకున్న ఒకావిడ, ఆవిడ భర్త. యజమాని నవ్వు తెరిచిన తలుపు దగ్గర ఆగిపోయింది. ఆవిడ మాత్రం గుమ్మంలో ఉన్న కుర్చీనే చూస్తోంది. వంగి, తోలుమీద చెయ్యి వేసి, ఆ ముడతలని వేళ్ళతో నిమిరింది.

"ఎంత బాగుందో! ఎప్పటిదండీ ఇది?"

"అదాండీ, అది..." అని యజమాని అందుకున్నాడు. "వందేళ్ళ..."

"నిన్నటిదమ్మా" అంది కోడలు.

అందరూ ఆమెవైపు చూశారు. ఇక వెనక్కి వెళ్ళడానికి దారి లేదని ఆమెకి తెలుసు. ఇంట్లో మొగుడికి ఏం చెప్పాలో తెలియదు. రేపటి కూలి సంగతి తెలియదు.

"నిన్నటిది. నిన్న మధ్యాహ్నం దాకా ఇందులో ఒక తాత కూర్చున్నాడు. మేం బయట గొళ్ళెం వేశాం. ఇది ఆయన కర్ర."

ఆవిడ చెయ్యి తోలుమీదే ఆగిపోయింది. తియ్యనూ లేదు, నిమరనూ లేదు. అంతలో పెరట్లోంచి ఒక చప్పుడు వినబడింది. బరువైన పాదం ఒకసారి నేలకేసి కొట్టిన చప్పుడు.

అది తిమ్మిరో, మరేమిటో తెలుసుకోవడానికి కోడలు ఆగలేదు. చీలని పిడికిట్లో పట్టుకునే పెరట్లోకి పరుగెత్తింది.